పదహారో పేజీలో మిగిలిన ఖాళీ

మొన్న తెనాలి నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేశాడు. పాత పిల్లల కథల పుస్తకాలు ఏరి, రంగుల బొమ్మలతో మళ్ళీ అచ్చువేసి, బడులకు ఉచితంగా పంచే పని పెట్టుకున్నారట అతనూ అతని స్నేహితులూ. మా అమ్మ రాసిన పదహారు పేజీల చిన్న పుస్తకం ఒకటి ఎవరి అటక మీదో దొరికింది. ఆమె లేదు కనుక, కూతురిగా నా అనుమతి కావాలి.

"చాలా బాగుందండి మేడమ్. ముఖ్యంగా ఎండింగ్. వాళ్ళ నాన్న పడవలో తిరిగి రావడం, ఆ బొమ్మ... మా టీములో అందరికీ నచ్చిందండి."

"ఆ ముగింపు మా అమ్మ రాసింది కాదు," అన్నాను. "ఆమె రాసినదాంట్లో అతను రాడు. అది వేస్తానంటే ఇప్పుడే సంతకం పెడతాను."

అతను ఎంతో మర్యాదగా అన్నాడు: "పిల్లలకి మరీ నెగెటివ్‌గా ఉంటుందేమోనండి. కథలో చావు ఉంటే పేరెంట్స్ ఒప్పుకోవట్లేదు, టీచర్లు కూడా పక్కన పెట్టేస్తున్నారు. వాళ్ళ నాన్న వచ్చేస్తే నష్టం ఏముందండి?"

ఆ ప్రశ్న నేను రెండోసారి వింటున్నాను. మొదటిసారి అడిగిందీ తెనాలి మనిషే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఈ కుర్రవాడికి అనుమతి ఇవ్వనని చెప్పాను. కారణం అడిగాడు. ఫోనులో చెప్పగలిగింది కాదది. అందుకే రాస్తున్నాను.

మా అమ్మ ఉపాధ్యాయురాలు. సూర్యలంకకు దగ్గరలో, సరుగుడు తోటలు దాటాక ఇసుకలో విసిరేసినట్టుండే ఒక మత్స్యకారుల పల్లెలో, ఐదో తరగతి దాకా ఉన్న బడిలో ఆమెకు ఉద్యోగం. నాన్న రేపల్లెలో గుమాస్తా. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. మేం లూథరన్లం, పల్లె మొత్తం గంగమ్మను కొలిచేది. ఈ తేడా గురించి అక్కడ ఎవరూ తల బద్దలు కొట్టుకోలేదు. "టీచరమ్మగారి దేవుడికి గంటుంది, మా గంగమ్మకి డప్పుంది. ఎవురు ముందు లేస్తే ఆళ్ళకి ముందు మొక్కుదాం" అని వలలు అల్లే తాత ఒకాయన నవ్వించేవాడు.

ఆ పల్లెను తలుచుకుంటే ముందు వాసనలే వస్తాయి. కొత్తవారికి అది ఒకే ఒక్క వాసన, ముక్కు మూసుకుంటారు. నాకు అవి విడివిడిగా తెలుసు. నెత్తళ్ళు ఎండుతుంటే వచ్చేది పలచగా, ఉప్పుగా ఉండి గాలి మారగానే పోయేది. సొరచేప ముక్కలది బరువైనది, గొంతులో కూర్చునేది. వలలు కుళ్ళిపోకుండా చెట్టు బెరడు కాచి పట్టించే రసానిది వగరు. వీటన్నిటి మీదా పొయ్యిల్లో సరుగుడు ఆకు చిటపటలాడుతూ కాలే పొగ. పొద్దున చద్దన్నంలోకి రాత్రి మిగిలిన చేపల పులుసు. ఒక రాత్రి నిలిస్తే చింతపండు ముక్కలోకి దిగి, దాని రుచి వేరుగా ఉండేది. మా ఇంట్లో అమ్మ అంత బాగా వండేది కాదు. నేను పక్కింట్లో తినేదాన్ని.

పక్కిల్లు కాకుల పిల్లది. ఆ పిల్లకు పేరుంది గాని ఎవరూ పిలిచేవారు కాదు. ఇసుకలో చాపల మీద ఎండబోసిన చేపల దగ్గర, కొసకు గుడ్డపీలిక కట్టిన కర్రతో కాకులను తోలడం ఆమె పని. బడి లేని పూటల్లో నేనూ కర్ర పట్టుకుని కూర్చునేదాన్ని. మేమంత నమ్మకమైన కాపలాదారులం కాము. ఎవరి చాప మీద కాకి వాలితే వారి తిట్లు వినసొంపుగా ఉంటాయో మాకు బాగా తెలుసు. ఆ చాపల వైపు కావాలనే వీపు తిప్పి కూర్చునేవాళ్ళం.

"ఇద్దరు మొద్దులు కూకున్నారమ్మా, కాకులకి వడ్డన సెయ్యడానికి," అని ఒక పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టేది. "ఒకదాని తల్లి పంతులమ్మ. ఇంకోదాని తల్లికి కష్టాలకి ఇదొక్కతే సాలదూ."

జీడిమామిడి తోటలో గింజలు దొంగిలించి, ఇసుకలో కాల్చుకు తిని, జీడి తగిలి పెదవులు పొక్కిపోయి ఇద్దరం ఒకేలా దొరికిపోవడం కూడా ఆ ఏటి సంగతే. మా అమ్మ నన్ను కొట్టింది. వాళ్ళ నాన్న ఆమెను కొట్టలేదు. కొబ్బరి నూనె తెచ్చి ఇద్దరి పెదవులకూ రాసి, "ఈసారి పై తోలు తీసి తినండే, దొంగతనం కూడా నేర్పించాలంటే ఎట్టా" అన్నాడు. ఆయన పొట్టి మనిషి, కుడి చెవి దగ్గర గాలం గీసిన మచ్చ. వేట నుంచి వచ్చి అన్నానికి కూర్చుంటే కూతురి కంచంలోంచి మొదటి ముద్ద తానే లాక్కుని తినేవాడు. ఆమె కేకలు పెట్టేది. ప్రతిరోజూ అదే ఆట. ఇద్దరికీ విసుగు రాలేదు.

ఆ ఏడు చలిగాలి తిరగకముందు, వాయుగుండం పట్టిన రోజుల్లో, వాళ్ళ పడవ తిరిగి రాలేదు. పడవలో నలుగురు. ఇద్దరి శవాలు కొట్టుకువచ్చాయి. ఒకతను బతికి, తెప్ప కట్టె పట్టుకుని పక్క ఊరి ఒడ్డుకు చేరాడు. కాకుల పిల్ల తండ్రి దొరకలేదు.

ఆ పల్లెలో ఒక కట్టుబాటు ఉండేది. శవం దొరకని మనిషిని పోయాడని అనకూడదు. ఆ మాట అంటే మనంతట మనమే మనిషిని సముద్రానికి రాసిచ్చినట్టు. వేసవిలో వచ్చే గంగమ్మ పండగ దాకా "యాటలో ఉన్నాడు" అనే అనాలి. భార్య బొట్టు చెరపదు, గాజులు తీయదు. పండగ నాటికీ రాకపోతే పెద్దముత్తయిదువలు ఆమెను నీళ్ళ దగ్గరకు తీసుకువెళ్ళి, గాజులు పగలగొట్టి, ముక్కలు సముద్రంలో వదిలిస్తారు. ఆ తర్వాత ఏడవవచ్చు. పెద్దవాళ్ళకు ఈ ఏర్పాటులో ఒక కనికరం ఉంది: నిజం వారందరికీ తెలుసు, మాట ఒక్కటే వాయిదా. పిల్లలకు ఆ సంగతి ఎవరూ విప్పి చెప్పలేదు. వారికి తెలిసింది మాట ఒక్కటే.

"మా నాన ఎప్పుడొస్తాడు?" అని కాకుల పిల్ల అడగని మనిషి లేడు. వస్తాడే, నీకు గౌను తెస్తాడు. వస్తాడే, కాకినాడ రేవులో ఉన్నాడంట. ఒక్కొక్కరు ఒక్కొక్క రేవు చెప్పారు. ఆమె ఆ రేవుల పేర్లన్నీ పలక మీద రాసి మా అమ్మకు చూపించి, "వీటిల్లో ఏది దగ్గర టీచరమ్మా?" అని అడిగింది.

అందరిలా వస్తాడని అమ్మ అనలేకపోయింది. ఆ సాయంత్రం పల్లె పెద్ద మా ఇంటికి వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. అరుగు మీద కూర్చుని, కండువా మోకాళ్ళ మీద సర్దుకుని అన్నాడు: "అమ్మా, మీరు సదువుకున్నోళ్ళు. మీకు తప్పనిపించొచ్చు. పండగ దాకా ఆ మాట మీరు కూడా అనమాకండి."

"పిల్ల అడుగుతోందండి. రోజూ అడుగుతోంది."

"అడిగితే వస్తాడనండి. ఏం పోయింది? పండగైనాక ఆ పిల్లకే తెలుస్తది."

శనివారం నాన్న వచ్చాక అమ్మ ఆయనతో అన్న మాట నాకు గుర్తుంది. "మాట అనకూడదన్నారు. కథ రాయకూడదని అనలేదుగా."

"ఊళ్ళో ఉండాలా వద్దా మనం?" అన్నాడు నాన్న.

అమ్మ రాసింది. అంతకుముందు ఆమె బడి కోసం పాటలు, చిన్న సంభాషణలు రాసేది; కథ ఇదే మొదటిది. ఆదివారం గుడి నుంచి వచ్చాక నాకు చదివి వినిపించింది. ఎక్కడిదో ఒక రేవు, అక్కడొక పిల్ల. తండ్రి వేటకు వెళ్ళి రాలేదు. అందరూ వస్తాడంటారు, తల్లి గాజులు తీయదు. పిల్ల రోజూ తన అన్నంలో సగం తండ్రి వాటాగా మూత పెట్టి ఉంచుతుంది. పొద్దున అది పులిసిపోతే కోళ్ళకు వేస్తుంది. అప్పటిదాకా నేను విన్న కథల్లో పిల్లలు రెండు రకాలు: మంచివాళ్ళు, చివర్లో మంచివాళ్ళయ్యేవాళ్ళు. ఈ పిల్ల పక్కింటి చేప దొంగిలిస్తుంది. తండ్రి ఉన్న పిల్లను చూసి ఓర్వలేక గిచ్చుతుంది. తమ్ముణ్ణి నీళ్ళలోకి తోసి, భయపడి, మళ్ళీ లాగుతుంది.

"ఇది మంచి పిల్ల కాదేంటమ్మా?" అన్నాను.

"మంచి పిల్లని ఎవరన్నారు? పిల్ల, అంతే."

చివరి పేజీలో తల్లి ఆ పిల్లను కూర్చోబెట్టి, మీ నాన్న ఇంక రాడని చెబుతుంది. పిల్ల కంచం విసిరేస్తుంది, తల్లి చెయ్యి కొరుకుతుంది, అలిసిపోతుంది. ఆకలేస్తుంది. తల్లి మళ్ళీ వడ్డిస్తుంది. ఆ పూట రెండు వాటాలూ పిల్లే తింటుంది, తల్లి పక్కనే కూర్చుని ఉంటుంది. కథ అక్కడ అయిపోయింది.

"ఇంకో కథలో వస్తాడా?" అని అడిగాను.

"ఏ కథలోనూ రాడు," అంది అమ్మ. నేను ఏడ్చాను. ఏడ్చాక ఒక విచిత్రమైన నెమ్మది కలిగింది. పక్కింటి సంగతి నాకు అప్పటికి పూర్తిగా అర్థమైంది. ఎవరూ చెప్పని నిజాన్ని ఆ కథ నాకు చెప్పింది. నాకు హాని జరగలేదు. ఇది నేను కొలిచి చెబుతున్న మాట; ఆ కథను ఆ ముగింపుతో విన్న పిల్లను నేనొక్కదాన్నే.

నోటితో చెబితే కట్టుబాటు తప్పినట్టవుతుంది. పుస్తకమైతే అది వేరే రేవు, వేరే పిల్ల. పండగ అయిన మర్నాడు కాకుల పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ పుస్తకం చదివించాలని అమ్మ ఆలోచన. పైగా సముద్రం పొడుగునా ఇలాంటి పిల్లలున్నారు కదా అనేది. అందుకని ఒక సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్ళింది.

అక్కడ బడిపిల్లల పుస్తకాలు వేసే ప్రెస్సు ఒకటి. సందు మొదట్లోనే సిరా, కిరసనాయిలు కలిసిన వాసన. లోపల అరల్లో సీసపు అక్షరాలు గింజల్లా కుప్పలుగా ఉన్నాయి. నేను ఒక 'క' తీసి గౌను జేబులో వేసుకున్నాను. అమ్మ బయటికి వచ్చాక చూసి, వెనక్కి తీసుకెళ్ళి నా చేతే పెట్టించింది. యజమాని తెల్లటి పంచె, మందపాటి కళ్ళద్దాలు, మంచి మాట. నాకు ఇడ్లీ తెప్పించాడు. కథ మొత్తం అక్కడే చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "కళ్ళనీళ్ళు తెప్పించారమ్మా. ఒక పెద్ద కాగితం మడిస్తే పదహారు పేజీల ఫారం, అందులో సరిపోతుంది. వేద్దాం" అన్నాడు. తిరుగు రైల్లో అమ్మ కిటికీ వైపు కూర్చుని తనలో తాను నవ్వుకుంటూ ఉండడం నేను చూశాను. ఆమె మళ్ళీ అలా నవ్వుకోవడం చూడలేదు.

క్రిస్మస్ సెలవులకు మేం రేపల్లె వెళ్ళాం. అమ్మమ్మ గులాబీ పువ్వుల అచ్చును కాగే నూనెలో ముంచి, పిండిలో ముంచి, మళ్ళీ నూనెలో విదిలిస్తూ, "బడిపంతులమ్మ రాసిన కథంట, ఏడుపు కథంట. పండక్కి ఎవరైనా ఏడుపు రాస్తారటే" అని అమ్మను వేళాకోళం చేసింది. అమ్మ నవ్వి, "మీరు నన్ను చిన్నప్పుడు ఏడవనిచ్చారా ఎప్పుడైనా?" అంది. అమ్మమ్మ పెద్దకొడుకు కలరాలో పోతే, చెల్లెళ్ళకు ఏడాది దాకా బోర్డింగు బడికి వెళ్ళాడనే చెప్పారట. ఆ సంగతి ఆ పూట పొయ్యి దగ్గర విన్నాను. అమ్మమ్మ మాట మార్చలేదు, ఒప్పుకోనూ లేదు. పువ్వులు మాత్రం మాడిపోయాయి.

మేం లేని ఆ రోజుల్లోనే తెనాలి నుంచి పుస్తకాల కట్ట బడికి చేరింది. ప్రధానోపాధ్యాయుడు సంతోషం పట్టలేకపోయాడు. తన బడి పంతులమ్మ పేరు అచ్చులో రావడం ఆయనకు గౌరవం. బడి తెరిచిన మొదటి ఉదయం, మేం బస్సు దిగి ఇసుకలో నడిచి చేరేలోపే, పిల్లలందరినీ కూర్చోబెట్టి మొదటినుంచి చివరిదాకా చదివించాడు. చదివింది కాకుల పిల్ల. బడిలో అందరికంటే బాగా చదివేది ఆమే.

మేం వెళ్ళేసరికి ఆమె వాకిట్లో ఎదురొచ్చింది. పుస్తకం గుండెలకు హత్తుకుని ఉంది. "మా నాన వస్తాడు టీచరమ్మా. మీరే రాశారుగా," అంది.

అమ్మ పుస్తకం తీసుకుని చివరి పేజీ తిప్పింది. పేజీలో సగానికి పడవ బొమ్మ. పడవలో తలపాగా మనిషి నిలబడి చెయ్యెత్తి ఉన్నాడు. పైన, మా అమ్మ ముగింపు తీసేసిన చోట, ఆమె ఎన్నడూ రాయని నాలుగు వాక్యాలు. తల్లి చేతి గాజులు తీయకుండా నమ్మకంతో ఎదురుచూసింది కనుక సముద్రుడు దయతలచి తండ్రిని తిరిగి ఇచ్చాడట. అడుగున గీత గీసి, నీతి: ఓర్పుతో వేచియున్నవారికి మేలు కలుగును.

మర్నాడే తెనాలి వెళ్ళాం. యజమాని తడబడలేదు, దాచలేదు కూడా. ఫారం విప్పి చూపినట్టుగా లెక్క చెప్పాడు. కథ పదహారో పేజీలో సగానికి అయిపోయింది. సగం ఖాళీగా వదిలితే పుస్తకం వెలితిగా ఉంటుంది, బడులవాళ్ళు తీసుకోరు. కొత్త బొమ్మ చెక్కించాలంటే విజయవాడ పంపాలి. గతంలో ఏదో పంచాంగానికి చేయించిన బొమ్మ అచ్చు, పాత బ్లాకు, అరలో ఉంది, కొలత సరిగ్గా సరిపోయింది. బ్లాకులో మనిషి పడవలో వస్తున్నాడు. అందుకని కథలో కూడా వచ్చాడు.

"పిల్లల పుస్తకానికి నీతి ఉండాలి కదమ్మా. మీరు మర్చిపోయారనుకుని నేనే కలిపాను," అన్నాడు. "తండ్రి వస్తే నష్టం ఏముంది?"

అమ్మ గొంతు ఎత్తలేదు. "అక్కడ నిజంగా ఒక పిల్ల ఉందండి," అంది. "తండ్రి పోయాడు. ఆ పిల్ల కోసమే రాశాను."

ఆయన మొహం నిజంగానే మెత్తబడింది. కాసేపు ఆలోచించి అన్నాడు: "అయితే ఆ పిల్లకి ఇదే మంచిదిగా తల్లీ."

చెడ్డవాడైతే బాగుండేది. అతను నాకు రెండోసారి కూడా ఇడ్లీ తెప్పించాడు.

పల్లెకు తిరిగి వచ్చాక అమ్మ పుస్తకాలు వెనక్కి తీసుకోవాలని చూసింది. ఎవరూ ఇవ్వలేదు. చదువురాని ఇళ్ళలో కూడా పిల్లల చేత చదివించుకుని, పుస్తకాన్ని దేవుడి పటం పక్కన పెట్టుకున్నారు. పల్లె పెద్ద స్వయంగా వచ్చి, "మంచి మాట రాశారమ్మా, మా కట్టుబాటు నిలబెట్టారు" అన్నాడు. పండగ కాకముందు అది అబద్ధమని చెప్పే దారి లేదు. ఆ ముగింపు పల్లె మాటకు ముద్ర వేసింది. ముద్ర కింద మా అమ్మ పేరుంది.

కాకుల పిల్ల ఆ నెలల్లో తల్లి చేతులకు కాపలా కాసింది. నీళ్ళు తోడేటప్పుడు, చేపలు తోమేటప్పుడు గాజులు పగులుతాయేమోనని వెంట తిరిగేది. ఒకటి చిట్లితే నా దగ్గర రంగు దారం తీసుకుని చుట్టింది. "అమ్మకి తెలీదు. సదువురాదుగా. నేనే సూసుకోవాలి," అంది నాతో. నిజం తెలిసిన నేను దారం ఇచ్చాను. ఇవ్వక ఏం చేయగలిగేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

గంగమ్మ పండగ రోజు డప్పులు, వేపమండలు, కొత్తబట్టల గంజి వాసన. మధ్యాహ్నం పెద్దముత్తయిదువలు నలుగురు వచ్చి ఆమె తల్లిని లేపారు. ఆడవాళ్ళందరూ ఒడ్డుకు నడిచారు. ఏం జరగబోతోందో పిల్లకు అక్కడికి వెళ్ళాకే అర్థమైంది. పరిగెత్తి తల్లి రెండు చేతులూ పట్టుకుని వాటి మీద వాలిపోయింది.

"తియ్యమాకే. తీస్తే రాడే. పుస్తకంలో ఉందే అమ్మా, తియ్యమాకే."

తల్లి ఏడుస్తూ, "లెయ్యవే, అందరూ సూత్తన్నారు" అంది. పిల్లను ఇద్దరు పక్కకు లాగారు. గాజులు రాయి మీద పెట్టి కొట్టారు. నేను మా అమ్మ కొంగు పట్టుకుని నిలబడి ఉన్నాను. కాకుల పిల్ల కేకలు ఆపేసింది. తల్లి వట్టి మణికట్ల వైపు చూసి, మామూలు గొంతుతో, లెక్కలో తప్పు చూపించినట్టు అంది: "నువ్వే సంపేశావు."

మర్నాడు అమ్మ ఆమెను మా ఇంటికి తెచ్చి కూర్చోబెట్టింది. చివరి మాటలు తాను రాయలేదని, మీ నాన్న వాయుగుండంలోనే పోయాడని, మీ అమ్మ గాజులకూ దానికీ సంబంధం లేదని చెప్పింది. తన చేతిరాతలో ఉన్న అసలు ముగింపు చదవబోయింది. పిల్ల చెవులు మూసుకోలేదు, ఏడవలేదు. శ్రద్ధగా విని, "అచ్చులో అట్టా లేదుగా టీచరమ్మా," అంది. లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి తల్లితో మాట్లాడలేదు.

మరుసటి ఏడు అమ్మ రేపల్లె దగ్గరి ఒక ఊరికి బదిలీ చేయించుకుంది. ఆమె మళ్ళీ కథ రాయలేదు. నేను ఇంజినీరునై, ఈ డెల్టాలో మురుగు కాలువల మట్టాలు కొలుస్తూ ఉద్యోగం ముగించాను. ఆ పనిలో ఒక సంగతి ఉంది. మొదటి రాయి మీద చెక్కిన మట్టం తప్పైతే, ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా కొలిచినా అదే తప్పు కాలువ పొడుగునా నడుస్తుంది. చివరికి నీళ్ళు ఊళ్ళోకి తిరుగుతాయి. పిల్లలకు మనం రాసిచ్చేది ఆ మొదటి రాయి. నవ్వే పిల్లలు, నీతి, రంగుల బొమ్మలు ఉన్న పుస్తకాలు నాకు కోపం తెప్పించవు. దుఃఖంలో ఉన్న పిల్ల చేతిలో కూడా అవే పెట్టి, అదే దయ అనుకునే పెద్దలను చూస్తే వస్తుంది. ఆ దయ పిల్లల కోసం కాదు. పిల్ల ఏడుస్తుంటే పక్కన కూర్చోలేని పెద్దలు తమ కోసం చేసుకున్న ఏర్పాటు అది.

రిటైరవడానికి కొద్దికాలం ముందు ఒక కాలువ సముద్రంలో కలిసే మొగ చూడడానికి అటు వెళ్ళాల్సి వచ్చి, పల్లెకు నడిచాను. తాటాకు ఇళ్ళ చోట డాబాలు. కాకుల పిల్ల వాకిట్లో కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి, లేచి, పీట వేసింది. చిన్నప్పుడు 'ఏమే' అనే మనిషి ఇప్పుడు 'మీరు' అంది. పక్కనే నులకమంచం మీద వాళ్ళమ్మ. చూపు ఆనడం లేదు.

"ఎవురే వచ్చింది?" అంది ముసలామె.

కూతురు నా వైపే చూస్తూ, "టీచరమ్మగారి అమ్మాయినని సెప్పండి," అంది.

చెప్పాను. ముసలామె నా చెయ్యి తడిమి పట్టుకుంది. కాసేపటికి నాకు అర్థమైంది. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద, ఇన్నేళ్ళూ వారిద్దరి మధ్య మాట అంతా ఇలాగే నడిచింది: కూతురి మొగుడి ద్వారా, పిల్లల ద్వారా, వచ్చేపోయేవారి ద్వారా.

కుండీ దగ్గర చేతులు కడుక్కుంటూ కాకుల పిల్ల నాతో మెల్లగా అంది: "నాకు తెలీదనుకుంటున్నారేమో. నాన అప్పుడే పోయాడు. గాజులు పగలగొట్టింది ముసలాళ్ళు. ఆవిడ తప్పేం లేదు. అన్నీ తెలుసండి. తెలిసేసరికి నోరు అలవాటు తప్పింది."

తిరిగి వచ్చి ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చున్నాక ముసలామె నన్ను అడిగింది. "పాపా, నాకు సదువు రాదు. ఆ కథలో తల్లీకూతుళ్ళు సివరికి ఏమయ్యారు?"

మా అమ్మ రాసిన ముగింపు చెప్పాను. కంచం విసిరేయడం, చెయ్యి కొరకడం, మళ్ళీ వడ్డించడం, రెండు వాటాలు. కత్తిపీట చప్పుడు ఆగింది.

"మీ అమ్మగారు అట్టా రాశారా?"

"అలాగే రాసింది పిన్నీ."

"మరి మా ఇంటికి అట్టా ఎందుకు రాలేదు?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ ఇంట్లో అలాంటివి చాలా చెప్పారు. చివరి పేజీలో సగం మిగిలిందని, ప్రెస్సులో పాత బ్లాకు ఒకటి ఉందని, దానికి తగ్గట్టు కథ మార్చారని ఉన్నదున్నట్టు చెప్పాను.

"బొమ్మ కోసమా?" అంది ముసలామె. కోపంగా కాదు, సరిగ్గా విన్నానో లేదో తేల్చుకుంటున్నట్టు.

"బొమ్మ కోసమే."

కూతురు లేచి లోపలికి వెళ్ళింది. కంచంలో అన్నం, పులుసు కలిపి తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టి, ముళ్ళు తీసిన ముక్క ఆమె వేళ్ళకు తగిలేలా జరిపింది. ఆ చేతుల్లో ఎక్కడా కోపం లేదు. ఒక క్షణం ఆమె పెదవులు కదిలాయి. ఆమె తల నా వైపు తిప్పింది.

"సల్లారిపోతంది," అంది. "తినమనండి."

"తినండి పిన్నీ," అన్నాను.

ముసలామె తినడం మొదలుపెట్టింది. చెయ్యి చాస్తే అందే తల్లికి అన్నం తినమని చెప్పడానికి ఆ కూతురికి మధ్యలో ఇంకొక మనిషి కావాలి. ఆ పూట ఆ మనిషిని నేను.